కుట్టుపడవ కడపటి కథ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరాన ఒకప్పుడు పడవకు మేకులు కొట్టేవారు కాదు, పడవను కుట్టేవారు. బారువ నుంచి భావనపాడు మీదుగా కళింగపట్నం దాకా సంద్రంతో మన రాకపోకలు ఆ కుట్టును నమ్ముకునే సాగాయి. ఇంగ్లీషు దొరల రికార్డుల్లో అది మసూలా బోటు. ఆ పడవ ఏలిన కాలమూ, అది ఒరిగిపోయిన తీరూ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మామిడి పలకలను అంచుకు అంచు ఆనించి, వరసగా బెజ్జాలు వేసి, కొబ్బరిపీచు తాడుతో కుట్టుకుంటూ పోయేవారు. పలకల అతుకు పొడవునా ఎండుగడ్డో పీచో పరిచి, దాని మీదుగా తాడు బిగించేవారు. నీళ్లు తగిలితే ఆ పీచు ఉబ్బి సందును పూడ్చేది. లోపల చట్రం లేదు. ఉప్పునీరు తినేయడానికి ఇనుమూ లేదు. అయినా నీరు ఊరుతూనే ఉండేది, ఒకరు తోడిపోస్తూనే ఉండాలి. ఈ తీరంలో కెరటం ఒడ్డుకు దగ్గరగా విరిగి పడుతుంది. బిర్రుగా బిగించిన పడవను ఆ దెబ్బ చీల్చేస్తుంది. కుట్టుపడవ కెరటంతో పాటు వంగి, మళ్లీ సర్దుకునేది. తాడు చివికిపోతే విప్పేసి, అవే పలకలను కొత్త తాడుతో కుట్టేవారు. పలకలు ఇచ్చిన మామిడీ, తాడు ఇచ్చిన కొబ్బరీ ఉద్దానంలో ఇంటిచెట్లే.

దాని వైభవం చిన్నదేం కాదు. బారువలో, కళింగపట్నంలో ఓడ ఒడ్డుకు రాలేదు, దూరాన లంగరు వేసుకునేది. ధాన్యం బస్తాలనూ నూనెగింజలనూ దాని దగ్గరకు చేర్చింది ఈ పడవలే. రంగూన్‌లో కూలి వెతుక్కుంటూ వెళ్లిన మన తాతలు సొంత నేల విడిచి మొదట కాలు పెట్టింది కూడా వీటిలోనే. ఈ విద్య తెలిసిన తెలుగు బెస్తలు ఒడిశాలోని గోపాల్‌పూర్, పూరీ తీరాలకూ వెళ్లి, అక్కడ నోలియాలు అనిపించుకుని స్థిరపడ్డారు.

పతనం ఒక్క తుఫానులో రాలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర పలాస, నౌపడల మీదుగా రైలు వచ్చింది. సరుకు సంద్రానికి వీపు తిప్పి పట్టాలెక్కింది. 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. ఓడ గట్టునే ఆనుకుని నిలబడే చోట పడవతో పనేముంది? 1942లో జపాన్ సేనలు రంగూన్‌ను పట్టుకోవడంతో ఆ బాటా మూసుకుపోయింది. అప్పటికీ పడవ చావలేదు. బస్తాలు దించిన చోట ఒడ్డు నుంచి లాగే అలివి వల ఎక్కించుకుని చేపల వేటకు వెళ్లింది.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత మత్స్యకార్యక్రమం మొదలుపెట్టింది. కెరటాలను దాటి ఇసుక మీదకే వచ్చి ఆగే కొత్త పడవలను తయారుచేసి చూసింది. ఆ తర్వాత దశాబ్దాల్లో ఫైబర్ పడవ, దాని వెనుక ఇంజిను తీరమంతా పరుచుకున్నాయి. గాజునారను అచ్చులో పరిచి రెసిన్ పూసి చేసిన ఒడలికి అతుకే లేదు, ఊటా లేదు. మత్స్యకారుడు దాన్ని ఎంచుకోవడం తప్పు కాదు. అది పుచ్చదు, ఏటేటా కుట్టమని అడగదు, దూరం పోతుంది. కానీ దానికి పెట్టుబడి కావాలి, నూనె కావాలి, అప్పు కావాలి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలికి ఉద్దానంలో కొబ్బరీ జీడీ మొదలంటా కూలాయి. పడవకు తాడిచ్చిన తోటలే నేల పట్టాయి. ఆ ఏడాది చివర్లోనే, పొట్ట చేతపట్టుకుని గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పరాయి బోట్ల మీద పనిచేస్తున్న మన జిల్లా మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. వాళ్లు విడుదలై ఇల్లు చేరేసరికి 2020 జనవరి అయింది. పెరటి మామిడితో సొంత పడవ కుట్టుకున్న జాతి పరాయి బోటులో కూలికి కుదరాల్సి రావడమే ఈ కథలో అన్నిటికన్నా పెద్ద దుఃఖం.

సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది. రేపు అక్కడ పెద్ద ఓడలు గట్టుకే వస్తాయి, రావాలి కూడా. ఆ గట్టు మీద ఒక కుట్టుపడవ నిలబడాలని నా కోరిక. ఎక్కడి నుంచో తెచ్చిన బొమ్మ వద్దు. ఈ ఊళ్ల మనుషులే, ఈ చెట్ల పలకతో, ఈ పీచుతో కుట్టాలి. కుట్టడం చూసిన పెద్దలు మిగిలి ఉండగానే పిల్లల చేతికి ఆ తాడు అందాలి. ఈ విద్య ఏ పుస్తకం వల్లా నిలవలేదు, తండ్రి పక్కన కొడుకు కూర్చుని కుట్టడం వల్ల నిలిచింది. అలా కూర్చునే చోటు మళ్లీ కల్పించడం మన చేతిలోనే ఉంది.