ఖాళీ యంత్రాలకు దొరికిన పని

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీ పట్టణంలో ఈస్టర్న్ కలర్ ప్రింటింగ్ అనే ముద్రణ సంస్థ ఉండేది. దినపత్రికలకు ఆదివారం రంగుల బొమ్మల పేజీలు అచ్చువేసి ఇవ్వడం దాని పని. ఆ పని ముగిశాక ఖరీదైన రంగుల యంత్రాలు ఊరికే పడి ఉండేవి. పైగా అది 1933, దేశమంతా మాంద్యంలో కూరుకుపోయిన కాలం. యంత్రాలు తిరగాలంటే కొత్త పని తేవాలి. అమ్మకాలు చూసే హ్యారీ వైల్డెన్‌బర్గ్, మాక్స్‌వెల్ గెయిన్స్ ఆ వేటలో పడ్డారు. ఇవాళ మనం కామిక్ పుస్తకం అంటున్నది ఆ వేటలోనే రూపు కట్టింది.

అంతకుముందు అమెరికాలో బొమ్మల కథల పుస్తకాలు లేవని కాదు. జెనీవా బడిపంతులు రొడాల్ఫ్ టోప్ఫర్ ఫ్రెంచిలో గీసిన బొమ్మల కథ లండన్ మీదుగా న్యూయార్క్ చేరి, 1842లో ‘బ్రదర్ జొనాథన్’ పత్రికకు ప్రత్యేక సంచికగా వెలువడింది. అనుమతి అడిగినవాళ్లు లేరు. 1895లో జోసెఫ్ పులిట్జర్ పత్రిక ‘న్యూయార్క్ వరల్డ్’లో రిచర్డ్ అవుట్‌కాల్ట్ గీసిన గుండు కుర్రాడు తర్వాత పసుపు చొక్కా తొడుక్కుని ‘ఎల్లో కిడ్’గా ఊరంతా తెలిసిపోయాడు. మరుసటి ఏడు విలియం హర్‌స్ట్ ఎక్కువ డబ్బు చూపి అవుట్‌కాల్ట్‌ను తన పత్రికకు లాక్కున్నాడు. పులిట్జర్ ఊరుకోలేదు. జార్జ్ లక్స్ అనే మరో చిత్రకారుడితో అదే కుర్రాణ్ణి గీయించాడు. ఒకే బొమ్మ ఒకే ఊళ్లో రెండు పోటీ పత్రికల్లో కొన్నాళ్లు నడిచింది. 1897లో ఆ కుర్రాడి కథలు పుస్తకంగా వచ్చినప్పుడు వెనక అట్ట మీద ‘కామిక్ బుక్’ అన్న మాట పడింది.

మాట అప్పుడే పుట్టినా, వస్తువు పుట్టడానికి మరో ముప్పై ఆరేళ్లు పట్టింది. ఆదివారం పేజీని సగానికి తగ్గించి మడిస్తే, చేతిలో ఇమిడే పుస్తకమవుతుందని ఈస్టర్న్ కలర్ వాళ్లు గ్రహించారు. లోపల నింపడానికి కొత్త కథలు అక్కర్లేదు. పత్రికల్లో వచ్చేసినవాటినే, పత్రికలకు బొమ్మల కథలు సరఫరా చేసే సిండికేట్ల దగ్గర హక్కులు కొని వేసుకోవచ్చు. చద్దికి తాలింపు పెట్టినట్టే. అలా తయారైన 32 పేజీల ‘ఫన్నీస్ ఆన్ పరేడ్’ అమ్మకానికి రాలేదు. సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, కూపన్లు పంపిన కొనుగోలుదారులకు దాన్ని ఉచితంగా ఇచ్చింది. పదివేల ప్రతులు చకచకా అయిపోయాయి.

ఉచితంగా ఇస్తే తీసుకుంటారు సరే, డబ్బు పెట్టి కొంటారా? ఈ వ్యాపారంలో పదేపదే చెప్పుకునే కథ ఒకటుంది. గెయిన్స్ కొన్ని ప్రతుల మీద పది సెంట్ల చీటీలు అంటించి, పత్రికల దుకాణాల్లో పెట్టి వచ్చాడట. సోమవారం వెళ్లి చూస్తే ఒక్కటీ మిగల్లేదట. 1934లో పది సెంట్ల ధరతో ‘ఫేమస్ ఫన్నీస్’ నెలనెలా రావడం మొదలైంది. మొదటి సంచిక నష్టపోయినా తర్వాత నిలదొక్కుకుని 1955 దాకా 218 సంచికలు నడిచింది.

లాభం కనబడగానే పోటీ పెరిగింది. పేరున్న కథల హక్కులు దొరకడం కష్టమైంది. మాల్కమ్ వీలర్-నికల్సన్ ఒకప్పుడు అశ్వికదళంలో మేజరు. తర్వాత చవక పత్రికలకు సాహస కథలు రాసుకునేవాడు. పాతవి కొనే స్తోమత లేక, కొత్తవే గీయిస్తానని 1935 ఫిబ్రవరి సంచికతో ‘న్యూ ఫన్’ తెచ్చాడు. పేరున్న చిత్రకారులను పెట్టుకునే డబ్బూ లేదు. అందుకే పత్రికలు పట్టించుకోని కుర్రాళ్లకు ఆయన గుమ్మం తెరిచి ఉండేది. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన జెరీ సీగల్, జో షుస్టర్ అలాంటివాళ్లే. మేజరు డబ్బు సరిగా ఇచ్చేవాడు కాదు, కానీ వాళ్ల పని అచ్చువేసేవాడు. చివరికి అప్పుల్లో మునిగి, భాగస్వామిగా చేర్చుకున్న హ్యారీ డోనెన్‌ఫెల్డ్ చేతికే కంపెనీని వదులుకోవాల్సి వచ్చింది.

సీగల్, షుస్టర్‌ల దగ్గర ఒక కథ ఏళ్ల తరబడి మూలుగుతోంది. దినపత్రికల కోసం తయారుచేసుకున్నారు, సిండికేట్లన్నీ తిప్పి పంపాయి. గెయిన్స్ దగ్గర పనిచేసే షెల్డన్ మేయర్ అనే యువకుడికి మాత్రం అది తెగ నచ్చింది. అలా చేతులు మారి అది డోనెన్‌ఫెల్డ్ సంస్థకు చేరింది. దినపత్రిక వరుసలుగా ఉన్న బొమ్మలను కత్తిరించి, పుస్తకం పేజీకి సరిపడేలా అతికించుకోమన్నారు. 1938 జూన్ తేదీతో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వెలువడింది. అట్ట మీద ఆ కథానాయకుడు సూపర్‌మాన్ కారును ఎత్తి పట్టుకున్నాడు. పేజీకి పది డాలర్ల లెక్కన 13 పేజీలకు వాళ్లకు ముట్టింది 130 డాలర్లు. ఆ సొమ్ముతోపాటే సర్వహక్కులూ ప్రచురణకర్తకు పోయాయి.

1939 జనవరిలో సూపర్‌మాన్ దినపత్రికలకూ ఎక్కాడు. అంతదాకా పత్రికల నుంచి పుస్తకాల్లోకి సాగిన సరుకు ఎదురుదారి పట్టింది. హక్కుల కోసం సీగల్, షుస్టర్ 1947లో కోర్టుకెక్కారు. రాజీ కుదిరింది గానీ ఉద్యోగం పోయింది, కథల మీద పేర్లూ పోయాయి. 1975లో, సూపర్‌మాన్ మీద భారీ సినిమా తీసే సన్నాహాల్లో ఉండగా, అప్పటికి ఆ ప్రచురణ సంస్థకు యజమాని అయిన వార్నర్ సంస్థ ఒక్కొక్కరికి ఏటా 20,000 డాలర్లు ఇవ్వడానికి, సృష్టికర్తలుగా వాళ్ల పేర్లు మళ్లీ వేయడానికి ఒప్పుకుంది.