2016 లె మాన్ 24 గంటల రేసు

ఫ్రాన్స్‌లోని లె మాన్ నగరం వద్ద, 13.629 కిలోమీటర్ల సార్త్ సర్క్యూట్‌పై 2016 జూన్ 18, 19 తేదీల్లో జరిగిన కార్ల పందెం ఇది. వానవల్ల సేఫ్టీ కారు వెనకే మొదలైంది. మోటారు క్రీడల చరిత్రలో ఇంత క్రూరమైన ముగింపు అరుదు.

ఆంథనీ డేవిడ్సన్, సెబాస్టియన్ బ్యూమీ, కజుకి నకజిమా వంతులవారీగా నడిపిన టొయోటా 5వ నంబరు కారు చివరి గంటలోనూ ముందంజలోనే ఉంది. గెలుపు ఖాయమనుకుంటున్న వేళ, మరికొద్ది నిమిషాల్లో రేసు ముగుస్తుందనగా, కారులో శక్తి లేదని నకజిమా రేడియోలో మొరపెట్టుకున్నాడు. కారు క్రమంగా నెమ్మదించి, ముగింపు గీత దాటాక, సొంత జట్టు పిట్‌కు ఎదురుగానే ఆగిపోయింది. వెనకనుంచి వచ్చిన పోర్షే 2వ నంబరు కారు దాన్ని దాటుకుని దూసుకుపోయింది. టర్బోచార్జర్‌కూ ఇంటర్‌కూలర్‌కూ మధ్య గాలిగొట్టాన్ని కలిపే కనెక్టర్‌లో లోపం తలెత్తిందని టొయోటా తర్వాత తేల్చింది. అంత చిన్న భాగమే పందెం ఫలితాన్ని మార్చేసింది.

ఆ పోర్షేను నడిపిన రొమేన్ దుమా, నీల్ జానీ, మార్క్ లీబ్ 384 ల్యాప్‌లతో విజేతలయ్యారు. పోర్షేకిది 18వ గెలుపు. నకజిమా కారును మళ్లీ కదిలించి గీత దాటించినా, చివరి ల్యాప్‌ను ఆరు నిమిషాల్లోపు పూర్తిచేయాలన్న నిబంధన ఆ కారుకు తుది ఫలితాల్లో చోటే లేకుండా చేసింది. అది న్యాయమా అన్న బాధ అభిమానుల్లో మిగిలింది. టొయోటా మరో కారు రెండో స్థానం పొందింది. ఆ సంస్థకు ఈ రేసులో తొలి విజయం 2018లో దక్కింది. అప్పుడు గెలిచిన ముగ్గురిలో బ్యూమీ, నకజిమా కూడా ఉన్నారు.