వింటికర్రలో వంకరలు

ఒకే కర్రను లేదా ఒకే వెదురు బద్దను అతుకులు లేకుండా చెక్కి చేసేది సాదా విల్లు. దానికి మూలమైన ముడిసరుకే వింటికర్ర. ఎండేకొద్దీ అది పక్కకు ఒరగడం, మెలి తిరగడం, ముందుకో వెనక్కో వంగడం మామూలే. నంద్యాల, ఆళ్లగడ్డలకు తూర్పున సాగే నల్లమల కొండలకు ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది. అక్కడి చెంచులు తరతరాలుగా విల్లంబులతో బతికినవాళ్లు. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథం కృష్ణా నదికి ఆవల, అమ్రాబాద్ వైపు చెంచుల జీవితాన్ని నమోదు చేసింది. ఇవతల ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని స్థలపురాణం. కనుమనాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో చెంచులు స్వామి పల్లకీ వైపు బాణాలు సంధించే ఆచారం నేటికీ ఉంది. ఇంత చరిత్ర ఉన్న పనిలోనూ వంకర కర్ర వింటికి పనికిరాదనే అపోహ ఒకటి బలంగా ఉంది. అది నిలవదు. విల్లు విరిగేది సాధారణంగా వంకర వల్ల కాదు, పీచు తెగడం వల్ల.

ముందు వంకర ఎలా వస్తుందో చూడాలి. కొట్టిన కర్రలో మొదట కణాల లోపలి ఖాళీల్లోని నీరు పోతుంది. అప్పటికి కర్ర కుదించుకోదు. తేమ సుమారు 30 శాతం కంటే తగ్గాక కణాల గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, కుదింపూ అప్పుడే మొదలవుతుంది. అది అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. వలయాల వెంబడి కుదింపు, కర్ర నడిమి నుంచి బెరడు వైపు కుదింపుకు ఇంచుమించు రెట్టింపు. నిలువునా మాత్రం బహుస్వల్పం. ఒరిగి పెరిగిన వెడల్పాకు చెట్టు పైవైపు కర్ర నిలువునా కూడా కుంచించుకుంటుంది కాబట్టి బద్ద వంగుతుంది. పీచు సుడి తిరిగిన చెట్టు బద్ద మెలిపడుతుంది. వేసవిలో నంద్యాల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో పచ్చికర్రను పడేస్తే కొసలు ముందుగా ఎండి నెర్రెలిస్తాయి. కొసలకు మైనమో రంగో పూసి, నీడన గాలి ఆడేచోట గట్టి దూలానికి కట్టి ఆరబెడితే సగం వంకర పుట్టకుండానే పోతుంది.

మిగిలిన వంకరను బాడిసతో చెక్కి తిన్నగా చేయాలనిపించడం సహజం. అసలు ప్రమాదం అక్కడే. బాణం లాగినప్పుడు లక్ష్యం వైపు ఉండే వింటి వీపు సాగుతుంది, లాగే మనిషి వైపు ముఖం నొక్కుకుపోతుంది. వీపు మీద పీచు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉంటేనే ఆ సాగుడును తట్టుకుంటుంది. వంకరను అడ్డంగా నరికితే కంటికి విల్లు నిటారుగా కనిపిస్తుంది, కాని తెగిన పీచు దగ్గర చీలిక లేస్తుంది. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన యూ చెట్టు కర్ర విండ్లలో ముడులున్నచోట చుట్టూ అదనపు కర్రను వదిలారు. చక్కదనం కంటే పీచుకే వాళ్లు విలువిచ్చారు. వెదురులో ఇది మరీ ముఖ్యం. దాని బలమంతా బయటి పొరలో దట్టంగా ఉన్న ఈనెల్లోనే ఉంది. కణుపులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని ఆ పొరను గీకితే విల్లు చేతిలోనే పోయినట్టు.

అన్ని వంకరలనూ తీయనక్కర్లేదు. ఒక కొస నుంచి మరో కొసకు దారం బిగించి చూడాలి. దారం పిడి మీదుగా పోతే, మధ్యలో కర్ర పాములా మెలికలు తిరిగినా విల్లు పనిచేస్తుంది. పిడిని తప్పి పక్కకు పోతే దిద్దాలి, లేకుంటే నారి ఎక్కించగానే విల్లు చేతిలో తిరగబడుతుంది. లక్ష్యం వైపు వంగిన వంపు లాభమే, అది బలం పెంచుతుంది. దిద్దడానికి మార్గం వేడి. ఎండిన కర్రకు నూనె రాసి, మంట తగలకుండా నిప్పుల సెగ మీద తిప్పుతూ లోపలిదాకా కాగనివ్వాలి. ఆవిరి పడితే అంగుళం మందానికి గంట అన్నది లెక్క. కాగిన కర్రను చెట్టు పంగలో పెట్టి కావలసినదానికంటే కాస్త ఎక్కువగా వంచి, పూర్తిగా చల్లారేదాకా కదలనివ్వకూడదు.

సెగతో తీసిన వంకర వానాకాలంలో తిరిగి వస్తుందన్నది న్యాయమైన అభ్యంతరమే. తేమ పీల్చిన కర్ర కొంత పాత రూపానికి జరుగుతుంది. కాని అది ఎక్కువగా పచ్చిగా ఉండగా దిద్దిన కర్రకు పట్టే గతి. బాగా ఆరాక దిద్ది, నూనె పట్టించి, వాడనప్పుడు నారి దించి ఉంచితే అది స్వల్పంగానే ఉంటుంది. కోత మిల్లులో తిన్నని పలక కొంటే సరిపోదా అన్నది రెండో ప్రశ్న. రంపం పీచును చూసి కోయదు. పలక అంచు తిన్నగా ఉన్నంత మాత్రాన లోపలి పీచు తిన్నగా ఉందనలేం. పీచు వీపును దాటి పక్కకు పారిన పలక కంటే వంకర బద్దే నమ్మదగింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట విల్లుకు చోటు లేదు, ఉండకూడదు కూడా. అయినా మన దేశంలో ఇండియన్ రౌండ్ విలువిద్య పోటీలు వెదురు విండ్లతోనే సాగుతున్నాయి, పారువేటకూ విల్లు కావాలి. కర్రను ఎంచే తీరు, సెగ పట్టే తీరు తెలిసిన చెంచు పెద్దలు ఉండగానే, వారి పేరుతో, వారి సమ్మతితో ఈ పనిని కొలతలతో, బొమ్మలతో తెలుగులో నమోదు చేసే బాధ్యతను నంద్యాల, ఆళ్లగడ్డ కళాశాలలు తీసుకోవాలి.