సూరత్‌లో ఉచిత డిష్ ప్రసారాలు: యాంటెన్నాను సరిగా అమర్చుకునే విధానం

గుజరాత్‌లోని సూరత్ నగరంలో మరమగ్గాలు, వస్త్ర వ్యాపారంపై ఆధారపడి జీవిస్తున్న తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. లింబాయత్, ఉధ్‌నా, పర్వత్ పాటియా తదితర ప్రాంతాల్లో స్థిరపడిన వీరిలో చాలామంది తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కార్మికుల కుటుంబాలవారు. నెలవారీ రుసుము లేకుండా మాతృభాషలో వార్తలు, కార్యక్రమాలు చూడదలచిన ఇంటికి దూరదర్శన్ ఉచిత డిష్ సేవ ముఖ్యమైన ఆధారం. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి ఛానెళ్ళతో పాటు ఆకాశవాణి రేడియో ప్రసారాలు కూడా దీని ద్వారా అందుతాయి. బొమ్మ ముక్కలు కావడం, మధ్యలో నిలిచిపోవడం, కొద్దిపాటి వానకే ప్రసారం ఆగిపోవడం వంటి ఇబ్బందులకు సాధారణంగా కారణం ఉపగ్రహం కాదు. డిష్ దిశలోనో, కేబుల్‌లోనో ఉన్న లోపం. ఖర్చుతో కూడిన మరమ్మతుకు ముందు వీటిని సరిచూసుకోవడం మేలు.

పాత యాంటెన్నాతో ప్రయోజనం ఉందా?

చేపముల్లు ఆకారంలో ఉండే పాతకాలపు యాంటెన్నాలు కొన్ని మేడలపై నేటికీ కనిపిస్తాయి. వాటిని ఎంత ఎత్తుకు లేపినా, ఏ దిక్కుకు తిప్పినా ఇప్పుడు ఫలితం ఉండదు. దూరదర్శన్ తన భూతల అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసివేసింది. వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా మిగిలినవాటి ఉపసంహరణకు 2022 మార్చిని గడువుగా నిర్ణయించింది.

ఉపగ్రహం నుంచి నేరుగా ప్రసారాలు అందుకోవడం తెలుగువారికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1న ప్రారంభమై ఏడాది పాటు సాగిన సైట్ ప్రయోగంలో దేశంలోని ఆరు రాష్ట్రాలకు చెందిన సుమారు 2,400 గ్రామాలు పాల్గొన్నాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. నాడు గ్రామాల్లో అమర్చిన యాంటెన్నాలు ఇనుప వలతో చేసినవి, సుమారు మూడు మీటర్ల వెడల్పు గలవి. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన సేవే నేటి ఉచిత డిష్. దీనికి 60 సెంటీమీటర్ల డిష్ సరిపోతుంది.

సూరత్ నుంచి ఏ దిక్కు, ఎంత కోణం?

ఉచిత డిష్ ప్రసారాలు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తున్నాయి. 2015 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. సూరత్ నుంచి చూసినప్పుడు అది ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కిస్తే 134 డిగ్రీల దిశలో, అంటే దాదాపు సరిగ్గా ఆగ్నేయంలో, నేలమట్టం నుంచి 56 డిగ్రీల ఎత్తులో ఉంటుంది.

స్వగ్రామం నుంచి డిష్‌ను వెంట తెచ్చుకున్నవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త వహించాలి. సిరిసిల్లలో ఇదే ఉపగ్రహం సుమారు 140 డిగ్రీల దిశలో, 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అక్కడి బిగింపును మార్చకుండా సూరత్‌లో నిలబెడితే ఎత్తులోనే ఏడు డిగ్రీల తేడా వస్తుంది. చిన్న డిష్ రెండు డిగ్రీల తేడాను కూడా తట్టుకోలేదు. 60 సెంటీమీటర్ల డిష్ అంచు ఒక్క సెంటీమీటరు పక్కకు జరిగితే చాలు, దాదాపు రెండు డిగ్రీలు తప్పినట్టే.

మధ్యలో అడ్డు ఉన్నదేమో చూడండి

డిష్‌కు ఆగ్నేయ దిశలో గోడ, నీటి ట్యాంకు, చెట్టు కొమ్మ అడ్డుగా ఉండరాదు. దీనికి ఒక సులభమైన లెక్క ఉంది. అడ్డుగా ఉన్న కట్టడం డిష్ కంటే ఎంత ఎత్తుగా ఉందో, అందులో కనీసం మూడింట రెండు వంతుల దూరం మధ్యలో ఉండాలి. డిష్ కంటే తొమ్మిది మీటర్లు ఎత్తైన భవనం ఆరు మీటర్లకు మించిన దూరంలో ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

సూర్యుని సాయంతోనూ పరీక్షించవచ్చు. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి వారంలో ఉదయం 11 గంటల ప్రాంతంలో సూర్యుడు ఈ ఉపగ్రహం ఉన్న దిశలోనే కనిపిస్తాడు. ఆ సమయంలో డిష్ ముఖంపై నీడ పడకపోతే మార్గం నిరాటంకంగా ఉన్నట్టే. ఆ రోజుల్లో కొన్ని నిమిషాలు ప్రసారం ఆగిపోవడం సహజం. అందుకోసం డిష్‌ను కదపరాదు.

అమర్చే క్రమం

ముందుగా స్తంభం నిట్టనిలువుగా ఉన్నదీ లేనిదీ రసమట్టంతో చూడాలి. స్తంభం వాలి ఉంటే డిష్‌పై ముద్రించిన కోణాలు పనికిరావు. తరువాత బ్రాకెట్‌పై గుర్తును 56 వద్ద ఉంచి, నట్లను కొద్దిగా మాత్రమే బిగించాలి. డిష్ ముఖం చూపుకు ఆ కోణం కంటే తక్కువగా పైకి తిరిగినట్టు కనిపించినా కంగారు పడనక్కరలేదు. ఈ రకం డిష్‌ల నిర్మాణమే అటువంటిది.

సెట్‌టాప్ బాక్స్‌లో 11090 మెగాహెర్ట్జ్, వర్టికల్, 29500 సింబల్ రేటు ఎంచుకోవాలి. తెరపై స్ట్రెంగ్త్, క్వాలిటీ అనే రెండు సూచికలు కనిపిస్తాయి. ఉపగ్రహం దొరకకపోయినా స్ట్రెంగ్త్ ఎక్కువగా కనిపించవచ్చు కనుక క్వాలిటీనే ప్రమాణంగా తీసుకోవాలి. ఫోన్‌లోని దిక్సూచితో ఆగ్నేయాన్ని గుర్తించి, డిష్‌ను అతి నెమ్మదిగా పక్కకు జరుపుతూ, ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగి చూడాలి. దిక్సూచిని ఇనుప స్తంభానికి దూరంగా పట్టుకోవాలి. క్వాలిటీ గరిష్ఠమైన చోట ఆపి, ఎత్తును, ఆ తరువాత ఎల్‌ఎన్‌బీని కొద్దికొద్దిగా తిప్పుతూ మరికొంత పెంచాలి. నట్లను ఒక్కొక్కటిగా బిగిస్తూ అంకె తగ్గలేదని నిర్ధారించుకోవాలి. చివరిగా ఛానెళ్ళను వెతికించి, డీడీ ఛానెళ్ళు వచ్చాయో లేదో చూడాలి. రాకపోతే మరో ఉపగ్రహం దొరికినట్టు గ్రహించాలి. ఎంపెగ్-4 ప్రమాణపు బాక్స్ అయితే ఉచిత డిష్‌లోని పాత, కొత్త ప్రమాణాల ఛానెళ్ళు రెండూ కనిపిస్తాయి.

వానలో బయటపడే లోపం

పూర్వపు అనలాగ్ ప్రసారంలో సంకేతం తగ్గితే తెరపై చుక్కలు పెరిగేవి. డిజిటల్ ప్రసారంలో అటువంటి హెచ్చరిక ఉండదు. కొంత స్థాయి వరకు బొమ్మ స్వచ్ఛంగా ఉండి, ఆపై ఒక్కసారిగా మాయమవుతుంది. ఎండలో చక్కగా వచ్చి చిరుజల్లుకే ఆగిపోయే ప్రసారం అసలు డిష్ గురి కాస్త తప్పిందనడానికి సంకేతం. కుండపోతలో కొన్ని నిమిషాల అంతరాయం మాత్రం అనివార్యం.

సముద్రపు తేమ గల నగరం కావడంతో కనెక్టర్లు త్వరగా తుప్పు పడతాయి. ఆరుబయట వాడే ఆర్‌జీ-6 కేబుల్‌నే ఎంచుకోవాలి. మధ్యలో అతుకులు లేకుండా చూసి, కొసలను నీరు చొరని టేపుతో చుట్టాలి. ఇంట్లోకి ప్రవేశించే ముందు కేబుల్‌ను కాస్త కిందికి వేలాడదీస్తే వాననీరు అక్కడే కారిపోతుంది. లోపలి రాగి తీగ నల్లబడితే ఆ కొసను కత్తిరించి కొత్త కనెక్టర్ వేయాలి. కేబుల్ తీసే ముందు, పెట్టే ముందు బాక్స్‌కు విద్యుత్తు ఆపివేయాలి.

ఏటా జనవరి 14న ఉత్తరాయణం సందర్భంగా సూరత్ మేడలన్నీ గాలిపటాలు ఎగరేసేవారితో నిండిపోతాయి. మాంజా దారం ఎల్‌ఎన్‌బీకి చిక్కుకోవడం, తోపులాటలో డిష్ కదలడం జరుగుతుంటాయి. పండుగ మరునాడు దారాలు తొలగించి, క్వాలిటీ అంకెను సరిచూడాలి. అందుకు వీలుగా, మొదటిసారి అమర్చిన రోజు వచ్చిన అంకెను బాక్స్ అడుగున రాసి ఉంచుకోవడం, బ్రాకెట్ స్థానాన్ని స్తంభంపై రంగుతో గుర్తించడం మంచిది. మేడ అంచున ఒంటరిగా పనిచేయరాదు. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు, విద్యుత్ తీగలు దగ్గరగా ఉన్నచోట డిష్‌ను తాకరాదు.