కత్తికీ ఇస్నాద్ కావాలి

నాగార్జునసాగర్ కుడిగట్టున విజయపురి సౌత్‌లో ఉంటూ అరబీ, ఉర్దూ గ్రంథాలను తెలుగు చేయడం నా పని. పాత ఆయుధాలు సేకరించడం నా వ్యసనం. ఈ రెండింటిలోనూ నేను చేసిన ఒకే పొరపాటును పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మహాప్రవక్త (స) సన్నిధిలో కఅబ్ బిన్ జుహైర్ వినిపించిన ‘బానత్ సుఆద్’ ఖసీదాలో ‘ముహన్నద్’ అనే మాట వస్తుంది. హింద్ ఉక్కుతో చేసిన ఖడ్గమని దాని అర్థం. నేను ‘పదునైన ఖడ్గం’ అని రాసి ఊరుకున్నాను. ఆ రోజుల్లోనే ఒక వర్తకుని వద్ద అలల చారలున్న కత్తి కొన్నాను. అతడు ‘డమాస్కస్ కత్తి’ అన్నాడు. నేను నా జాబితాలో అదే రాసుకున్నాను.

నా కళ్లు తెరిపించింది కారంపూడి. మాచర్ల మీదుగా వెళితే నాగులేటి ఒడ్డున వచ్చే ఈ ఊరు 12వ శతాబ్దిలో పల్నాటి యుద్ధానికి రణరంగం. ఏటా కార్తీక అమావాస్య నాడు మొదలయ్యే ఐదు రోజుల తిరునాళ్లకు వీరాచారవంతులు పల్లెల నుండి ‘కొణతాలు’ అనే ఆయుధాలు తెచ్చి, నాగులేట కడిగి పూజిస్తారు. ఆ పూజ మన ఆచారం కాదు. ఆయుధాలు చూడాలనే నేను వెళ్లాను. అమ్మకానికి ఒక్కటీ లేదు.

“పెద్దాయనా, ఇది ఏనాటిదండీ?” అని ఒకరిని అడిగాను.

“లెక్క తెలవదు సాయిబు గారూ. మా తాత మా నాయనకిచ్చాడు, మా నాయన నాకిచ్చాడు” అన్నాడాయన.

మద్రసాలో హదీసు చదివినవాణ్ణి గనుక ఆ మాట నన్ను ఆపేసింది. ఎవరి నుండి ఎవరికి అందిందో తెలియని ఉల్లేఖనాన్ని మనం స్వీకరించం. ఆ పెద్దాయన ఆయుధానికి ఇస్నాద్ ఉన్నది. నా కత్తికి ధర మాత్రమే ఉన్నది.

ఇంటికి వచ్చి అల్ కిందీని మళ్లీ తెరిచాను. అబ్బాసీ ఖలీఫా ముఅతసిం (833–842) కాలంలో ఆ తత్వవేత్త కత్తుల మీద ఒక రిసాలా రాశాడు. ఉక్కు పుట్టిన చోటు వేరు, దాన్ని కత్తిగా సాగగొట్టిన చోటు వేరు అని అందులో విడమరిచాడు. సరందీబ్ ఉక్కు ఖురాసాన్, ఫార్స్ వంటి చోట్ల కత్తులుగా మారేదట. అంటే కత్తి పేరు ఉక్కు ఊరును కప్పివేయగలదు.

మన కోనసముద్రానికి జరిగింది అదే. నేటి నిజామాబాదు జిల్లాలోని ఆ ఊరి కమ్మరులు మట్టి మూసల్లో ఇనుమును మూసిపెట్టి, గంటల తరబడి కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. వాటిని జాగ్రత్తగా సాగగొడితే అలల చారలు తేలుతాయి. వాటినే ‘జౌహర్’ అంటాం. 1824లో మరణించిన ఆంగ్ల భూవిజ్ఞాని హెన్రీ వాయిసీ ఆ ఊళ్లో ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుసేన్‌ను కలిశాడు. ఉక్కు కోసం అంతదూరం వచ్చిన ఆ హాజీ, ఈ పద్ధతిని ఇరాన్‌లో ప్రయత్నించినా ఫలించలేదని చెప్పాడు. వాయిసీ రాసినది 1832లో అచ్చయింది. వర్తకుని పేరు మిగిలింది. మూస కాచిన కమ్మరి పేరును లోకం మరచిపోయింది.

నా కత్తి కోనసముద్రానిదే అనడానికి నా వద్ద సాక్ష్యం లేదు. అలా అంటే మరో పొరపాటవుతుంది. కనుక జాబితాలో ‘డమాస్కస్’ కొట్టివేసి, ‘జౌహర్ గల ఉక్కు, చోటు తెలియదు’ అని రాశాను. అనువాదంలో మాత్రం ‘పదునైన’ తీసేసి ‘హింద్ ఉక్కు ఖడ్గం’ అని దిద్దుకున్నాను.