తండ్రి రాష్ట్రపతి, కొడుకు చరిత్రకారుడు: సర్వేపల్లి గోపాల్

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుంచి చదువుతున్న మీలో కొందరు స్థానిక చరిత్ర వ్యాసానికి సొంత తాతగారినే ఎంచుకోవచ్చు. మనకు బాగా దగ్గరైన మనిషి చరిత్రను ఎలా రాయాలి? సర్వేపల్లి గోపాల్ ఈ చిక్కును రెండుసార్లు ఎదుర్కొన్నారు. అందుకే ఆయన ఈ పాఠంలోకి వచ్చారు.

గోపాల్ 1923లో మద్రాసులో జన్మించారు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు ఐదుగురు కుమార్తెలు, ఈయన ఒక్కరే కుమారుడు. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేశారు. వాల్తేరులో, తండ్రి 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే చరిత్ర బోధించారు. రిప్పన్ (1953), ఇర్విన్ (1957) వైస్రాయిలుగా ఉన్న కాలాలపై పుస్తకాలు రాశారు. ఆ తరువాత చాలాకాలం ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. 2002లో మరణించారు.

మధ్యలో ఉన్న ఉద్యోగాన్ని గమనించండి. 1954 నుంచి ఆయన విదేశాంగ శాఖ చారిత్రక విభాగానికి సంచాలకులు. చైనాతో సరిహద్దు వివాదంలో భారతదేశ వాదానికి ఆధారాలైన పాత దస్త్రాలను పరిశీలించింది ఆయనే. అంటే నెహ్రూ ఆయనకు పరిశోధనాంశం కావడానికి ముందు పై అధికారి. నెహ్రూ జీవిత చరిత్ర మూడు సంపుటాలుగా 1975, 1979, 1984లలో వచ్చింది. ఇందిరాగాంధీ అనుమతితో నెహ్రూ కాగితాలు ఆయనకు అందుబాటులోకి వచ్చాయి. మొదటి సంపుటికి సాహిత్య అకాడెమీ బహుమతి లభించింది. రచయిత నెహ్రూ పక్షాన నిలిచారని విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉందనే నా అభిప్రాయం.

తండ్రి విషయంలో అలా జరగలేదు. రాధాకృష్ణన్ 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతి. 1975లో మరణించారు. పద్నాలుగేళ్లు గడిచాక, 1989లో గోపాల్ ఆయన జీవిత చరిత్రను ప్రచురించారు. తండ్రికి ఇతర స్త్రీలతో ఉన్న సంబంధాలనూ, వాటివల్ల తల్లి శివకాముకు కలిగిన బాధనూ అందులో దాచలేదు. సెప్టెంబరు 5న పూలదండలు వేసే మనకు ఇది ఇబ్బందిగానే ఉంటుంది. చైనా యుద్ధం తరువాత ప్రభుత్వ అజాగ్రత్తను రాష్ట్రపతి బహిరంగంగానే తప్పుపట్టారు. కొడుకు అప్పుడు అదే ప్రభుత్వంలో పనిచేస్తున్నారు! దగ్గరితనం ఆయనకు కాగితాలను ఇచ్చింది. వాటిని చదివే తీరును మాత్రం ఆయన వైస్రాయిల దస్త్రాల దగ్గర నేర్చుకున్నారు.

ఇప్పుడు మీ వ్యాసానికి వద్దాం. తెనాలి రణరంగచౌక్ మీలో చాలామందికి తెలుసు. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో అక్కడ ఏడుగురు మరణించారు. మీ ఇంట్లో ఆ రోజు గురించి కథ ఉంటే, చెప్పినవారి మాటల్లోనే ముందు రాసుకోండి. వారు స్వయంగా చూశారా, విన్నారా అన్నది పక్కనే గుర్తుపెట్టండి. తరువాత ఆనాటి పత్రికలతోనూ, ప్రభుత్వ రికార్డులతోనూ పోల్చండి. రెండూ కలవని చోట తాతగారి మాటను చెరిపివేయవద్దు, రికార్డును దాచవద్దు. రెండింటినీ వ్యాసంలో ఉంచి, మీరు దేనిని నమ్ముతున్నారో, ఎందుకు నమ్ముతున్నారో రాయండి.