పొరల విడదీత: ఒక ప్రసూతి ప్రక్రియ చరిత్ర (1756–2021)

ఉపోద్ఘాతం

నెలలు నిండి, లెక్కగట్టిన తేదీ దాటినా నొప్పులు రాని గర్భిణికి ప్రసూతి నిపుణులు తరచుగా సూచించే మొదటి ఉపాయం మందూ కాదు, సూదీ కాదు. గర్భాశయ ముఖద్వారం కొద్దిగానైనా తెరుచుకొని ఉంటే, చేతొడుగు వేసుకున్న వేలిని అందులోంచి పోనిచ్చి, ఉమ్మనీటి సంచి అడుగుభాగాన్ని గర్భాశయపు గోడ నుండి చుట్టూ తిప్పుతూ విడదీస్తారు. సంచి చిట్లదు, ఉమ్మనీరు పోదు. పని కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ఆమె ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో నొప్పులు మొదలుకావచ్చు, కాకపోనూ వచ్చు.

దీనిని బ్రిటన్‌లో ఎక్కువగా ‘మెంబ్రేన్ స్వీపింగ్’ అనీ, అమెరికాలో ‘మెంబ్రేన్ స్ట్రిప్పింగ్’ అనీ వ్యవహరిస్తారు. మొదటిది ఊడ్వడం, రెండవది ఒలవడం. జరిగేది ఒకటే అయినా రెండు మాటలూ వినేవారి మనసులో వేర్వేరు బొమ్మలు గీస్తాయి. ఊడ్వడంలోని తేలికదనం గానీ, ఒలవడంలోని కరకుదనం గానీ లేకుండా ఈ వ్యాసంలో ‘పొరల విడదీత’ అనే మాటను వాడుతున్నాను.

ప్రసూతి వైద్య చరిత్రను సాధారణంగా పరికరాల వెంట నడిచి రాస్తారు. పట్టుకారు (ఫోర్సెప్స్) కథకు ఛాంబర్లెన్ కుటుంబమూ, దాచిపెట్టిన రహస్యమూ, మ్యూజియంలలోని నమూనాలూ ఉన్నాయి. వేలితో చేసే పనికి అటువంటి ఆనవాళ్ళు మిగలవు. అందువల్లనే కావచ్చు, ఈ ప్రక్రియను గ్రంథాలు ఒకటి రెండు వాక్యాలలో ముగిస్తాయి. అయితే దీని చరిత్రలో ఒక విచిత్రమైన క్రమం కనిపిస్తుంది. ఆచరణ ముందు వచ్చింది. దాని ప్రయోజనం నడిమధ్యలో పూర్తిగా మారిపోయింది. అది ఎందుకు పనిచేస్తుందన్న వివరణ ఒకటిన్నర శతాబ్దం దాటాక లభించింది. ఎంతవరకు పనిచేస్తుందన్న లెక్క ఆ తరువాత తేలింది. చేయించుకునే స్త్రీ ఏమనుకుంటున్నదన్న ప్రశ్న అన్నిటికన్నా చివర వచ్చింది. ఈ క్రమాన్ని పరిశీలించడమే ప్రస్తుత వ్యాసోద్దేశం.

ఇరుకు కటివలయం

18వ శతాబ్దపు ఇంగ్లండులో కృత్రిమంగా నొప్పులు తెప్పించాలన్న ఆలోచన నెలలు నిండిన వారి కోసం పుట్టలేదు. బాల్యంలో రికెట్స్ సోకి కటివలయం వంకరపోయిన స్త్రీలు నాటి నగరాలలో అనేకులు. నిండు నెలల బిడ్డ తల ఆ ఇరుకు దారిలో పట్టదు. సిజేరియన్ అంటే తల్లికి దాదాపు మరణమే. మిగిలిన మార్గం కపాలఛేదనం, అంటే తల్లిని దక్కించుకోవడానికి గర్భంలోనే శిశువు తలను ఛిద్రం చేసి బయటికి తీయడం. ఒకే స్త్రీకి ఈ దుర్గతి కాన్పు వెంట కాన్పుగా పట్టేది.

1756లో లండన్‌లోని ప్రముఖ వైద్యులు సమావేశమై ఈ విషయాన్ని చర్చించారని థామస్ డెన్‌మన్ తన ప్రసూతి గ్రంథంలో నమోదు చేశాడు. బిడ్డ ఇంకా చిన్నదిగా ఉండగానే, అంటే ఏడు ఎనిమిది నెలల నడుమనే కాన్పు చేయిస్తే ఇద్దరూ దక్కవచ్చు గదా అన్నది వారి ముందున్న ప్రశ్న. ఇందులో లాభమెంత అన్నదాన్ని మాత్రమే కాక, ఇది నీతికి సమ్మతమేనా అన్నదాన్ని కూడా వారు చర్చించి ఆమోదం తెలిపారు. ఫ్రాన్స్‌లో బోదెలోక్ వంటి ప్రముఖులు ఈ పద్ధతిని వ్యతిరేకించారు. అక్కడ 1831లో స్ట్రాస్‌బర్గ్‌లో స్టోల్ట్స్ చేసేవరకు ఇది ఆచరణలోకి రాలేదు.

నాటి ఇంగ్లీషు పద్ధతి ఉమ్మనీటి సంచిని చిట్లించడం. దానివల్ల నొప్పులు వస్తాయి, కాని ఎప్పుడు వస్తాయో చెప్పలేము. ఆ లోపల నీరంతా పోయి, గర్భాశయం నేరుగా శిశువును నొక్కుతుంది. చిట్లిన సంచి రోగక్రిములకు తెరిచిన వాకిలి. సంచి చిట్లకుండానే గర్భాశయాన్ని మేల్కొల్పే మార్గం కావలసి వచ్చింది. 1810లో ఆ మార్గాన్ని సూచించినవాడుగా వైద్య సాహిత్యం ఎడింబరో ప్రసూతి శాస్త్రాచార్యుడు జేమ్స్ హామిల్టన్‌ను పేర్కొంటుంది. చిట్లించవద్దు, విడదీస్తే చాలు అన్నది అతని పద్ధతి సారాంశం.

హామిల్టన్ గురించి ఒక మాట చెప్పాలి. అతని కాలంలో ప్రసూతి విద్య వైద్యులకు తగిన విద్య కాదన్న చిన్నచూపు విశ్వవిద్యాలయాలలో బలంగా ఉండేది. ప్రసూతి శాస్త్రం చదవకుండానే ఎడింబరోలో వైద్య పట్టా పొందవచ్చు. దానిని తప్పనిసరి పాఠ్యాంశం చేయించడానికి హామిల్టన్ ఏళ్ళ తరబడి సహాచార్యులతో పోరాడి, 1830 ప్రాంతంలో సాధించాడు. వేలి కొసతో చేసే పనిని శాస్త్రంగా గుర్తింపజేయడానికి జరిగిన ఆ పోరాటాన్ని ఈ ప్రక్రియ చరిత్రలో భాగంగానే చూడవలసి ఉంటుందని నా అభిప్రాయం.

అయితే ఆ వేలికి తొడుగు లేదు. సూతికా జ్వరాన్ని వైద్యులూ మంత్రసానులే ఒక బాలింత నుండి మరొక బాలింతకు మోసుకుపోతున్నారని అబర్డీన్ వైద్యుడు అలెగ్జాండర్ గోర్డన్ 1795లోనే రాసి, ఊరివారి ఆగ్రహానికి గురయ్యాడు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ చేతులు కడగమని పట్టుబట్టింది 1847లో. రబ్బరు చేతొడుగులు శస్త్రచికిత్సలోకి వచ్చింది 19వ శతాబ్దపు చివరి దశకంలో. కనుక సంచి చిట్లకపోయినా హామిల్టన్ పద్ధతి నేటి అర్థంలో నిరపాయకరమైనది కాదు. 1855లో క్రౌజ్ ప్రవేశపెట్టిన పద్ధతిలో వేలికి బదులు మెత్తని గొట్టాన్ని పొరలకూ గోడకూ మధ్య పోనిచ్చి ఉంచేవారు. సాధనం మారింది గాని సూత్రం హామిల్టన్‌దే.

గడువు

హామిల్టన్ నాటి రోగి నెలలు తక్కువైన స్త్రీ, నేటి రోగి నెలలు మించిన స్త్రీ. ఒకే పని రెండు వ్యతిరేక ప్రయోజనాలకు వినియోగపడింది. ఈ మార్పు జరగాలంటే ముందుగా ‘గడువు’ అనే భావన ఒక తేదీగా స్థిరపడాలి.

సుశ్రుత సంహిత శారీరస్థానం ప్రసవకాలాన్ని తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు నెలలలో ఏదైనా కావచ్చునని చెప్పి, దానికి భిన్నమైనదే వికారమని భావించింది. అక్కడ గడువు ఒక వ్యవధి. మన ఇళ్ళలో ‘నెలలు నిండాయి’ అన్న మాటలోనూ ఉన్నది వ్యవధే. 19వ శతాబ్దపు ఆరంభంలో హైడెల్‌బర్గ్ ఆచార్యుడు నేగెలె పేరుతో ప్రచారంలోకి వచ్చిన సూత్రం దానిని ఒక రోజుగా మార్చింది. చివరి బహిష్టు మొదటి రోజు నుండి మూడు నెలలు వెనక్కి లెక్కించి ఏడు రోజులు కలిపితే వచ్చే తేదీ, అంటే సుమారు 280 రోజులు. ఇరవై ఎనిమిది రోజుల ఋతుచక్రం అందరికీ ఒకటేనన్న ఊహ మీద ఈ లెక్క నిలిచింది. సరిగ్గా ఆ తేదీనాడే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురికి మించరు. అయినా ఆసుపత్రి చీటీ మీద రాసేది ఆ ఒక్క తేదీనే.

తేదీ దాటడం ప్రమాదమన్న ఆలోచన మరింత ఆలస్యంగా వచ్చింది. ఎడింబరోకే చెందిన జె. డబ్ల్యు. బాలంటైన్ 1902లో గడువు మించిన శిశువు సమస్యను ప్రత్యేకంగా చర్చించాడు. 1954లో అమెరికాలో క్లిఫర్డ్ అటువంటి శిశువుల చర్మం, బరువు, మాయ సామర్థ్యం తగ్గుదల మొదలైన లక్షణాలను వర్ణించాడు. ఈలోగా సిజేరియన్ సురక్షితమైంది, రికెట్స్ తగ్గింది. ఇరుకు కటివలయం కోసం ముందుగానే కాన్పు చేయించే అవసరం తప్పింది. నేడు 42 వారాలు పూర్తయితే గడువు మించిన గర్భంగా పరిగణిస్తున్నారు. 41 వారాలు దాటిన కొద్దీ గర్భంలోనే శిశువు మరణించే ప్రమాదం పెరుగుతుందన్నది స్థిరపడిన విషయమే. ఆ ప్రమాదం మొత్తం మీద స్వల్పమన్నదీ అంతే నిజం. ఈ రెండు వాక్యాలలో దేనిని ముందు చెబుతారన్న దాన్ని బట్టి గర్భిణి నిర్ణయం మారిపోతుంది.

ఎందుకు పనిచేస్తుంది?

హామిల్టన్‌కు జవాబు తెలియదు. తెలియవలసిన రసాయన శాస్త్రం అప్పటికి పుట్టలేదు. 1906లో హెన్రీ డేల్ పిట్యూటరీ గ్రంథి సారానికి గర్భాశయాన్ని సంకోచింపజేసే శక్తి ఉన్నదని గుర్తించాడు. అందులోని ఆక్సిటోసిన్‌ను కృత్రిమంగా తయారు చేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. 1941లో ఫెర్గూసన్ గర్భాశయ ముఖం సాగినప్పుడు ఆక్సిటోసిన్ విడుదలకు దారితీసే ప్రతిచర్యను కుందేళ్ళపై ప్రయోగాలతో చూపాడు. వేలు ముఖద్వారాన్ని సాగదీయడం వల్ల ఏమవుతుందో దీనితో కొంత అర్థమైంది.

పొరలను విడదీయడం వల్ల ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం ప్రోస్టాగ్లాండిన్ల నుండి వచ్చింది. ఈ పదార్థాలకు 1930లలో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ పేరు పెట్టాడు. వాటితో నొప్పులు తెప్పించవచ్చునని 1968లో ఉగాండా రాజధాని కంపాలాలో పనిచేస్తున్న సుల్తాన్ కరీం చూపాడు. చివరకు 1977లో మిచెల్, అతని సహచరులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న పత్రం ప్రచురించారు. యోని పరీక్ష, సంచిని చిట్లించడం వంటి పనుల తరువాత కొద్ది నిమిషాలలోనే తల్లి రక్తంలో ప్రోస్టాగ్లాండిన్ సంబంధిత పదార్థాలు పెరుగుతున్నాయని అందులో తేలింది. గోడ నుండి విడివడిన పొరలే ఈ పదార్థాలను విడుదల చేసి, ముఖద్వారాన్ని మెత్తబరుస్తున్నాయన్న అవగాహన ఇలా బలపడింది. 1810 నుండి లెక్కిస్తే 167 ఏళ్ళు.

లెక్క, సమ్మతి

1970లలో బ్రిటన్‌లో కృత్రిమ ప్రసవాలు వివాదాస్పదమయ్యాయి. 1974 నాటికి ఇంగ్లండు, వేల్స్‌లలో పది కాన్పులలో దాదాపు నాలుగు మందులతోనో, సంచిని చిట్లించో ఆరంభించినవే. 1975లో షీలా కిట్జింగర్ అటువంటి కాన్పులు జరిగిన తల్లుల అనుభవాలను సేకరించి ప్రచురించింది. 1979లో ఆర్చీ కోక్రేన్, చికిత్సలను ప్రయోగాలతో పరీక్షించుకోవడంలో అన్ని వైద్య శాఖల కన్నా వెనుకబడినది ప్రసూతి శాఖేనంటూ దానికి పరిహాసంగా ‘చెక్క గరిటె’ బహూకరించాడు. ఆ ఎత్తిపొడుపు పనిచేసింది. ఒక దశాబ్దం తిరిగేసరికి ప్రసూతి ప్రయోగాలన్నిటినీ క్రోడీకరించిన బృహద్గ్రంథం వెలువడింది. కోక్రేన్ పేరుతో ఏర్పడిన సంస్థ సమీక్షలకు అదే పునాది.

పొరల విడదీతకు అంత వివాదం రాలేదు. ఖర్చు లేనిది, యంత్రం లేనిది గనుక దానిని అమ్మేవాడూ లేడు, అడ్డుకునేవాడూ లేడు. 2005 నాటి కోక్రేన్ సమీక్ష 22 ప్రయోగాలను పరిశీలించి, ఎనిమిది మందికి ఈ ప్రక్రియ చేస్తే ఒకరికి మందులతో కాన్పు చేయించే అవసరం తప్పుతుందని లెక్కగట్టింది. 2020 సమీక్షలో 44 అధ్యయనాలు, 6940 మంది స్త్రీలు ఉన్నారు. నొప్పులు వాటంతటవే వచ్చే అవకాశం సాపేక్షంగా 21 శాతం పెరిగింది, కృత్రిమంగా తెప్పించవలసిన అవసరం 27 శాతం తగ్గింది. సిజేరియన్లలో మాత్రం స్పష్టమైన తేడా లేదు. పైగా ఈ సాక్ష్యాధారాల నిశ్చయత తక్కువ స్థాయిదేనని సమీక్షకులే అన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. ఈ అంకెలను తగ్గించడానికి పొరల విడదీత ఒక సాధనం కాగలదని ఎవరైనా ఆశిస్తే, ఉన్న ఆధారాలు ఆ ఆశను బలపరచవు.

స్త్రీల మాట ఈ అధ్యయనాలలో చాలా కొద్దిగా వినిపిస్తుంది. 2006లో ప్రచురితమైన నెదర్లాండ్స్ ప్రయోగం ఇందుకు మినహాయింపు. 41 వారాలు నిండిన 742 మందిలో సగానికి రెండు రోజులకొకసారి పొరల విడదీత చేశారు. 42 వారాలు దాటినవారు చేయించుకున్న వర్గంలో 23 శాతం, చేయించుకోని వర్గంలో 41 శాతం. ఆ స్త్రీలను నొప్పి గురించి కూడా అడిగారు. మూడోవంతుకు కొంచెం తక్కువ మంది నొప్పి లేదన్నారు, సగం మంది కొంత నొప్పి అన్నారు, మిగిలినవారు బాగా నొప్పి అన్నారు. అయినా మరుసటి గర్భంలో మళ్ళీ చేయించుకుంటామన్నవారు 88 శాతం. చాలా వైద్య పత్రాలలో ఈ బాధకు వాడే మాట ‘అసౌకర్యం’. అడిగితే స్త్రీలు బాధను బాధగానే చెప్పి, అయినా దానిని ఎంచుకోగలరని ఈ అంకె చూపుతున్నది. అందువల్ల చెప్పకుండా చేయడానికి సాకు ఏదీ మిగలదు.

చెప్పకుండా చేయడం ఇక్కడ మరీ సులభం. సాధారణ అంతర్గత పరీక్ష చేస్తున్న వేలే మరికొంచెం లోపలికి వెళ్ళి చుట్టూ తిరిగితే అది పొరల విడదీత అవుతుంది. బల్ల మీద పడుకున్న స్త్రీకి పరీక్ష ఎక్కడ ముగిసి ప్రక్రియ ఎక్కడ మొదలైందో తెలియదు. పరికరం తెప్పించనక్కరలేదు గనుక సంతకం తీసుకునే కాగితమూ రాదు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2008 మార్గదర్శకాలు ఈ ప్రక్రియను స్త్రీకి ప్రతిపాదించాలని మాత్రమే అన్నాయి. 2021 మార్గదర్శకాలు 39 వారాల తరువాతి సందర్శనలలో దీని గురించి ఆమెతో చర్చించాలనీ, చేయడానికి ముందు మాటరూపంలోనైనా సమ్మతి పొందాలనీ స్పష్టంగా రాశాయి. ఈ నడుమ 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గోమరీ కేసులో, ప్రసవంలోని ప్రమాదాలను గర్భిణికి తెలియజేయడం వైద్యుని బాధ్యత అని తీర్పునిచ్చింది.

భారత సుప్రీంకోర్టు ఇటువంటి సూత్రాన్నే 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో చెప్పి ఉన్నది. పరీక్ష కోసం మత్తుమందు తీసుకున్న ఒక స్త్రీకి, ఆమె స్పృహలో లేనప్పుడు, గర్భాశయాన్నీ అండాశయాలనూ తొలగించిన ఉదంతమది. రోగనిర్ధారణ పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు ఇచ్చిన సమ్మతి కాజాలదని న్యాయస్థానం తేల్చింది. అక్కడి శస్త్రచికిత్సకూ ఇక్కడి వేలి కదలికకూ తీవ్రతలో పోలిక లేదు. కాని పరీక్ష బల్ల మీద స్త్రీ ఒప్పుకున్నది దేనికి, జరిగింది ఏది అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒక్కటే.